ఏ టాబు కొనాలి? ముందు పని చెప్పండి

"ఐప్యాడ్ మంచిదా, సామ్‌సంగ్ మంచిదా?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పకు. "ఎవరికి, దేనికి?" అని నువ్వు అడుగు. ఈ బల్ల దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి పని అది. స్క్రూడ్రైవరు పట్టడం తర్వాత నేర్పుతాను.

ఈ అలవాటు నాది కాదు, మా గురువుగారిది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేస్తూ ఎదిగిన మనిషాయన. రేడియో కొనడానికి వచ్చినవాణ్ని కూడా "మీ ఊళ్లో కరెంటు ఎంతసేపుంటాది?" అని అడిగి, ఆ తర్వాతే బ్యాటరీదో ప్లగ్గుదో చేతికిచ్చేవారు. శ్రీకాకుళంలో సొంత దుకాణం పెట్టాక నేనూ అదే పద్ధతి పట్టాను. ఇంట్లో మిగతావాళ్లవి ఏ ఫోన్లు, టాబుకి ఏం తగిలిస్తారు, పాడైతే ఎవరు చూస్తారు అన్నవి తెలుసుకోకుండా పెట్టె తెరవను.

తగిలించే వస్తువు దగ్గరే సగం బేరాలు తేలిపోతాయి. పల్లెల్లో బ్యాంకు మిత్రలుగా పనిచేసేవాళ్లు ఐప్యాడ్ మీద మోజుపడి వస్తారు. వాళ్ల జీవనమంతా వేలిముద్ర యంత్రం మీద నడుస్తుంది. మన దగ్గర వాడే ఆ యంత్రాలకి కావలసిన సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్‌కీ విండోస్‌కీ వస్తుంది కానీ ఐప్యాడ్‌కి రాదు. అలాంటప్పుడు ఓటీజీ కేబుల్ పట్టే మామూలు ఆండ్రాయిడ్ టాబు చాలు. ఖరీదైన సరుకు అమ్మితే నాకు నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయి, నిజమే. కానీ నెల తిరక్కుండా ఆ మనిషి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు.

విజయనగరం సంగీత కళాశాల సంగతి వేరు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన కళాశాల అది. అక్కడ వయొలిన్ నేర్చుకునే ఒక అమ్మాయి తండ్రితో వచ్చింది. శ్రుతిపెట్టె యాప్ కావాలంది. అది రెండింటిలోనూ దొరుకుతుంది. ఆ మీదట అసలు మాట చెప్పింది: మృదంగం ముందే రికార్డు చేసి, దాన్ని వింటూ వయొలిన్ వాయించి, రెండూ కలపాలట. అక్కడ నా లెక్క మారిపోయింది. చౌక ఆండ్రాయిడ్ టాబుల్లో చెవికి వినపడేదానికీ లోపల రికార్డయ్యేదానికీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది. మాటలకైతే పట్టదు, తాళానికి పడుతుంది. ఐప్యాడ్‌లో ఆ ఆలస్యం బాగా తక్కువ. గ్యారేజ్‌బ్యాండ్ దానికి 2011లోనే వచ్చింది, 2017 నుంచి అందరికీ ఉచితం. కొత్తది కొనే స్తోమత లేదంటే, 2018 నాటి ఆరో తరం ఐప్యాడ్ సెకండ్ హ్యాండ్‌ది చూసిపెట్టాను. ఇంకో మాట కూడా చెప్పి పంపాను: వైరున్న ఇయర్‌ఫోన్స్ వాడమ్మా, బ్లూటూత్ పెడితే ఏ టాబైనా తాళం తప్పిస్తుంది. కొన్నాళ్లకి తన రికార్డింగు తెచ్చి వినిపించింది. ఆ రోజు దుకాణంలో సోల్డరింగ్ పక్కనపెట్టి అందరం విన్నాం.

ఇక మన జిల్లాలకి అమెరికా నుంచి దిగే ఐప్యాడ్లు. ఇక్కడ జాగ్రత్తగా విను.

టెక్కలి వైపు నుంచి ఒక పెద్దాయన గుడ్డసంచిలో చుట్టి తెచ్చాడు. "బావూ, మా గుంటడు అమెరికా నుంచి అంపినాడు. పక్కింటోడేటో నొక్కీసినాడు. ఇప్పుడు తెరుసుకోట్లేదు, సూడు" అన్నాడు. చూస్తే యాక్టివేషన్ లాక్. 2013లో ఐఓఎస్ 7తో వచ్చిన తాళమిది. టాబుని పూర్తిగా చెరిపినా మొదటి ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఖాతా కొడుకుది. పక్కింటి కుర్రాడు దాన్ని రీసెట్ చేశాడు. ఇలాంటివి "తీసేస్తాం" అని డబ్బు గుంజేవాళ్లు ఉంటారు, వాళ్ల దారిలోకి వెళ్లకు. నేను కొడుక్కి ఫోన్ కలిపించాను. అతను తన ఐక్లౌడ్ ఖాతాలోకి వెళ్లి ఆ ఐప్యాడ్‌ని జాబితాలోంచి తొలగించాడు. తాళం ఊడింది. పెద్దాయన పేరుతో కొత్త ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఆయన చొక్కా జేబులో పెట్టాను.

అయినా ఆయన కష్టం అక్కడితో తీరలేదు. కొడుకుతో మాట్లాడేది వాట్సాప్‌లో. ఐప్యాడ్‌కి వాట్సాప్ యాప్ 2025 మేలో గానీ రాలేదు. ఆ ఐప్యాడ్ వచ్చింది అంతకు చాలా ముందు. ఫేస్‌టైమ్ ఉంది కదా అంటే, ఇంట్లో తక్కినవన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లు. 2021 నుంచి లింకు పంపితే బ్రౌజర్‌లో కలవొచ్చు గానీ, పిలుపు ఆండ్రాయిడ్ వైపు నుంచి మొదలుపెట్టలేరు. అందుకే అమెరికా పిల్లలకి నేను చెప్పేది ఒకటే: అమ్మానాన్నల చేతిలో ఏ ఫోనుందో చూసి టాబు పంపండి. ఇంట్లో అందరిదీ ఒక దారి, టాబుది ఇంకో దారి అయితే ఫొటోలు ఒకచోట, పరిచయాల నంబర్లు ఒకచోట పడతాయి. ఒకవైపు డబ్బు పెట్టి కొన్న యాప్ రెండో వైపు పనికిరాదు. ఉచితంగా దాచుకునే చోటు కూడా ఐక్లౌడ్‌లో 5 జీబీ, గూగుల్‌లో 15 జీబీ. మనవల వీడియోలు నింపుకునే ఇంటికి ఈ తేడా పెద్దదే.

పిల్లల చదువు కోసం వచ్చేవాళ్లు చాలామంది. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి టాబులు పంచడం మొదలుపెట్టాక, పల్లెల్లో కూడా టాబు అన్నది తెలిసిన వస్తువైంది. ఇంజనీరింగ్ పిల్లలకి నా మాట సూటిగా ఉంటుంది. కోడింగ్‌కయితే టాబు వద్దు, ల్యాప్‌టాప్ కొనుక్కో. చేత్తో నోట్స్ రాసుకోవడానికయితే, పెన్ను ధర కలిపి లెక్కేయి. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ పెట్టెలోనే పెన్ను వస్తుంది. ఆపిల్ పెన్సిల్ విడిగా కొనాలి.

డీటీపీ వాళ్లకీ ఇంతే సూటి జవాబు. అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు వేసేవాడికి విండోస్ తప్ప గతి లేదు. అందులోనూ 2012 నాటి సర్ఫేస్ ఆర్‌టీ లాంటిది పాత సరుకులో చవగ్గా కనిపిస్తే ముట్టుకోవద్దను. పేరుకి విండోసే, మామూలు విండోస్ ప్రోగ్రాములు దాంట్లో ఎక్కవు.

ఇప్పుడు రిపేరు లెక్క. ఐదో తరం నుంచి తొమ్మిదో తరం దాకా మామూలు ఐప్యాడ్లలో పై గ్లాసు వేరు, కింద డిస్‌ప్లే వేరు. గ్లాసు పగిలితే గ్లాసొక్కటే మార్చొచ్చు. ఎయిర్ 2 నుంచి ఎయిర్ రకంలో రెండూ అతికే ఉంటాయి, కాంబో మొత్తం వేయాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది. కొనేవాడి ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ముక్క ముందే చెప్పు. గ్లాసు తీసేటప్పుడు తొందరపడకు. హాట్ ప్లేట్ మీద జిగురు మెత్తబడేదాకా ఆగు. హోమ్ బటన్ దగ్గర పిక్కు లోతుకి దూర్చకు. ఆ బటన్‌ని బోర్డుకి కలిపే పట్టీ తెగితే వేలిముద్ర పోయినట్టే, వేరే బటన్ వేసినా రాదు, అది ఆ బోర్డుతోనే జతపడి ఉంటుంది. నేను మొదటి ఐప్యాడ్ తెరిచినప్పుడు గురువుగారు విజయనగరం నుంచి వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన జీవితంలో ఐప్యాడ్ విప్పలేదు. అయినా నా చెయ్యి ఎక్కడ బిగుసుకుంటే అక్కడ "ఆగు, ఇంకాస్త వేడి" అంటూ వచ్చారు. పట్టీ చెక్కుచెదరకుండా గ్లాసు లేచింది. ఆ పనితనంలో సగం ఆయనదే.

విప్పడం అసలు అవసరమా అన్నది కూడా చూడు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు "జ్ఞా" అక్షరం ఒక కంటికి కనపడని గుర్తుతో కలిసి మెసేజిలో వస్తే, ఐఫోన్లలో, ఐప్యాడ్లలో ఆ యాప్ కూలిపోయేది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో అది సర్దుకుంది. బోర్డు విప్పి ఐసీలు వెతికినా దొరికే జబ్బు కాదది. అందుకే ముందు సాఫ్ట్‌వేర్, తర్వాత మల్టీమీటరు, చివరికే వేడి.

కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చే సెట్లలో ముందు చార్జింగ్ జాక్ చూడు. ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేశాక తడిసిన సెట్లు ఎన్నో వచ్చాయి. వెంటనే స్విచ్చాఫ్ చేసి తెచ్చినవాళ్లవి చాలావరకు బతికాయి. బియ్యంలో పెట్టి, ఆరిందనుకుని చార్జింగ్ పెట్టినవాళ్లవి షార్టయ్యాయి. ఆండ్రాయిడ్ టాబుల్లో చాలావాటికి జాకు చిన్న సీసీ బోర్డు మీద ఉంటుంది, అది దొరికితే పని గంటలో అయిపోతుంది. మారుమూల మోడల్ అయితే బోర్డు కోసం విశాఖ, హైదరాబాద్ గాలించాలి. పేరులేని చవక టాబు కొంటానన్నవాడికి ఈ సంగతి చెప్పాకే బిల్లు రాయి.

సెకండ్ హ్యాండ్ బేరమైతే డబ్బు చేతులు మారకముందే, అమ్మేవాడు ఎదురుగా ఉండగానే, ఐప్యాడ్‌లో "ఫైండ్ మై" ఆపించు. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఖాతా తీయించాకే రీసెట్ చేయించు, లేకపోతే పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగే ఎఫ్‌ఆర్‌పీ తాళం పడొచ్చు. తర్వాత నోట్స్ తెరిచి ఒక మూల నుంచి ఇంకో మూలకి వేలితో గీతలు గీస్తూ పో. గీత ఎక్కడ తెగితే అక్కడ టచ్ చచ్చిపోయింది. దానికి తగ్గట్టు ధర తగ్గించు.