తండ్రి పేరు గడి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. నాకు కవిత్వం రాదు. నేను చేసేది డేటాబేస్ పని. అందులో నాకు తగిలిన ఒక దెబ్బ గురించి రాస్తాను.

నేను హాస్టల్లో చేరిన రోజు వార్డెన్ గారు దరఖాస్తు నింపుతూ "నాన్న పేరు?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. "లేరు బాబూ, నా పేరు రాసుకోండి" అంది అమ్మ. ఆయన ఆ గడి ఖాళీగా వదిలి, పక్కన అమ్మ పేరు రాశారు. ఆ ఖాళీ గడి వల్ల నాకు అన్నం గానీ, పుస్తకాలు గానీ ఆగలేదు.

చదువయ్యాక విశాఖలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఒక కళాశాల విద్యార్థుల వివరాలను ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మార్చే పని ఇచ్చారు. జాబితాల నుంచి వివరాలు అడిగే భాష ఎస్‌క్యూఎల్. రెండు చోట్లా అదే కదా అని పాత క్వెరీనే వాడాను. విద్యార్థి పేరును, తండ్రి పేరును రెండు నిలువు గీతల గుర్తుతో కలిపి గుర్తింపు కార్డు మీద అచ్చువేసే క్వెరీ అది. పదిహేడు కార్డుల మీద అసలు పేరే రాలేదు. వెతికి చూస్తే ఆ పదిహేడు మందికీ తండ్రి పేరు గడి ఖాళీ. తండ్రి పేరు లేదని పిల్లల పేర్లు కూడా పోయాయి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం తర్వాత తెలిసింది. ఎస్‌క్యూఎల్‌కు 1986లో అమెరికాలో ఆన్సీ, 1987లో అంతర్జాతీయంగా ఐఎస్ఓ ప్రమాణం ఏర్పరచాయి. విలువ లేని గడిని 'నల్' అంటారు. ప్రమాణం ప్రకారం నల్‌తో ఏ మాట కలిపినా వచ్చేది నల్లే. పోస్ట్‌గ్రెస్ అలాగే చేసింది. ఒరాకిల్ మాత్రం నల్‌ను వదిలేసి మిగిలిన పేరును ఉంచుతుంది. మైఎస్‌క్యూఎల్‌లోనైతే ఆ గుర్తుకు మామూలుగా 'లేదా' అని అర్థం. భాష ఒకటే, యాసలు వేరు.

దీన్ని మన పొందూరు నూలుతో పోల్చి చూడండి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్నగా వడికిన ఆ నూలుకు నంబరు ఉంటుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు వంద వస్తే అది 100 నంబరు. ఎవరైనా తూచి, కొలిచి తేల్చవచ్చు. ఎస్‌క్యూఎల్‌కు కూడా అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎస్‌టీ అలా పరీక్షలు పెట్టేది. 1996లో మానేసింది. అప్పటి నుంచి ఎవరి సరుకు సంగతి వారే చెప్పుకుంటున్నారు. 2023 ప్రమాణంలోని 177 తప్పనిసరి అంశాల్లో కనీసం 170 పాటిస్తున్నామని పోస్ట్‌గ్రెస్ వారు తమ పత్రాల్లో రాసుకున్నారు. లోటు ఉందని ఒప్పుకోవడం నాకు నచ్చింది.

నా విషయంలో తప్పు నాదే. సరిచూడకుండా మార్చాను. 'కోయలెస్' అనే మాట 1992 ప్రమాణంలోనే ఉంది. విలువ లేకపోతే బదులు ఏం పెట్టాలో అది చెబుతుంది. అది చేర్చగానే పదిహేడు పేర్లూ వచ్చాయి.

తమ్ముళ్లూ! మీకు ఏ కంపెనీ ఎస్‌క్యూఎల్ నేర్పినా శ్రద్ధగా నేర్చుకోండి. అందులో ఏది ప్రమాణమో, ఏది ఆ కంపెనీ సొంతమో విడిగా రాసి పెట్టుకోండి. పని అయ్యాక ముందుగా ఖాళీ గడులున్న పేర్లు చూడండి. ఆ గడుల వెనుక మనలాంటి పిల్లలే ఉంటారు.

— ఒక పూర్వ విద్యార్థి