నల్ అంటే సున్నా కాదు

మొగుడు అమెరికాలో లక్షలు సంపాదిస్తుంటే ఇక్కడున్న పెళ్ళాం పేదరాలా, కాదా? మన ఆఫీసు క్యాంటీన్లో అడిగి చూడండి, "ఇదేం ప్రశ్నరా బాబూ" అని నవ్వేస్తారు. అదే ప్రశ్న మన ప్రభుత్వ కాగితాలని అడిగితే ఒక్కో కాగితం ఒక్కో జవాబు చెబుతుంది. ఆ తేడా గురించే ఈ నాలుగు ముక్కలు.

ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి. మన దేశంలో పన్ను మనిషికి, కుటుంబానికి కాదు (హిందూ అవిభక్త కుటుంబం గొడవ వేరు, దాన్ని వదిలేద్దాం). అన్నయ్య న్యూజెర్సీలో ఉంటూ ఇక్కడ నాన్ రెసిడెంట్ అయితే, అక్కడ వచ్చే జీతం మీద ఇక్కడ పన్ను లేదు. ఆయన భార్యకి పంపే డబ్బు మీద కూడా ఆవిడ పన్ను కట్టక్కర్లేదు, ఎందుకంటే భర్త "బంధువు", బంధువు ఇచ్చిన బహుమతికి పరిమితి లేదు. అయితే ఆ డబ్బు ఆవిడ ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం భర్త ఆదాయంలో కలుస్తుంది. 1961 చట్టంలో 64వ సెక్షన్ చెప్పేది ఇదే, 2025లో తిరగరాసిన చట్టంలోనూ ఈ సూత్రం పోలేదు. అంటే పన్ను లెక్కలో ఆవిడ ఆదాయం నిజంగానే సున్నా.

ఇప్పుడు రాయితీల సంగతి. ఇక్కడ లెక్క మనిషిది కాదు, కుటుంబానిది. ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చింది, మన తెలంగాణలో 2021లో అమలు మొదలైంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుండాలి. కుటుంబం అంటే దరఖాస్తుదారు, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, 18 ఏళ్ళ లోపు పిల్లలు, తోబుట్టువులు. అన్ని రకాల ఆదాయమూ లెక్కే. రేషన్ కార్డుకి ఊళ్ళో 1.5 లక్షలు, పట్నంలో 2 లక్షలు గీత.

రూలు బానే ఉంది. చిక్కల్లా డేటాతో. తహసీల్దారు ఆఫీసులో న్యూజెర్సీ జీతం కనబడదు. అన్నయ్య డబ్ల్యూ-2 అమెరికా వాళ్ళ దగ్గరుంటుంది, వదిన ఆధార్ ఇక్కడుంటుంది, ఆ రెండు టేబుళ్ళని కలిపే కాలమ్ ఏదీ లేదు. మనలో డేటాబేస్ మీద పనిచేసిన ప్రతివాడికీ తెలుసు: విలువ తెలియకపోతే అది నల్, సున్నా కాదు. ప్రభుత్వ ఫారం మాత్రం నల్‌ని సున్నా చేసి ముందుకెళ్ళిపోతుంది.

ఇదంతా నాకు పట్టింది 2024 శివరాత్రి జాతరప్పుడు, ఏడుపాయలలో. మెదక్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలి, మధ్య రాళ్ళల్లో వనదుర్గమ్మని ఉంచి, మళ్ళీ కలిసి పోతుంది. పైన సింగూరు గేట్లు ఎత్తిన ఏడు గుడిలోకే నీళ్ళొస్తాయి. దర్శనం అయ్యాక మావాళ్ళంతా చెట్టు కింద పొయ్యి పెట్టుకున్నారు. వదిన నా పక్కన కూచుని ఫోన్లో మీసేవ ఫారం చూపించింది. ఆవిడ సర్కారు ఉద్యోగం పరీక్షకి చదువుతోంది, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కావాలి. నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నింపి పెట్టు అంది. (సాఫ్ట్‌వేర్ అంటే ప్రింటర్ బాగుచేయడం, ఫారాలు నింపడం అని మా ఇంట్లో గట్టి నమ్మకం లెండి.)

కుటుంబ ఆదాయం గడి దగ్గర ఆగి నిర్వచనం చదివి వినిపించాను. అన్నయ్య జీతం కూడా లెక్కే వదినా అన్నాను.

"నా పేరు మీద రూపాయి ఉందా? మీ అన్నయ్య పంపే పైసలు మీ పెద్దనాన్న ఖాతాలో పడతయి. పుస్తకాలు కొనాలన్నా ఆయన్నే అడగాలె. మరి నా ఆదాయం ఎంతని రాయాలె?"

నిజం చెప్పొద్దూ, నా దగ్గర జవాబు లేదు. కుటుంబ ఆదాయం అనే మాట వెనక ఒక ఊహ ఉంది, ఇంట్లోకొచ్చిన డబ్బు ఇంట్లో అందరిదీ అని. చాలా ఇళ్ళల్లో అది అబద్ధం. అట్లాగని పక్క ఊళ్ళో కౌలు చేసే ఇంటి పిల్లతో అదే కోటాలో వదిన పోటీ పడటం న్యాయమా అంటే, అదీ కాదు.

ఇంతలో మా ఊరి అక్క ఒకామె, భర్త దుబాయ్‌లో డ్రైవరు, మా మాటలు విని తన బాధ ఎత్తుకుంది. 2023 సెప్టెంబరులో రేషన్ కార్డులకి ఈ-కేవైసీ మొదలైంది గుర్తుందా? కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ డీలరు దగ్గర వేలిముద్ర వేయాలి.

"దుబాయ్‌ల ఉన్న మనిషి వేలు నేనెట్ల దెచ్చి పెట్టాలె తమ్మీ? పేరు తీసేస్తరంటున్నరు. రేపు రోగంతోని వాపస్ వస్తె ఆరోగ్యశ్రీల చూస్తరా?"

ఆయన నెలకి ఇరవై వేలు పంపిస్తాడట. ఏడాదికి 2.4 లక్షలు, అంటే గీత ప్రకారం ఆయనా దాటినట్టే. కానీ వీసాకని ఏజెంటుకి కట్టిన అప్పు మీద మిత్తి పోను ఇంటికి మిగిలేదెంత? ఆ గడి ఏ ఫారంలోనూ లేదు. చూశారా చోద్యం! లక్షలు సంపాదించే మా అన్నయ్య ఏ టేబుల్లోనూ లేడు కాబట్టి ఎవరికీ పట్టడు. ఇరవై వేలు పంపేవాడు కార్డులో ఉన్నాడు కాబట్టి వాడి వేలు కావాలి.

బయటి దేశాల వాళ్ళు ఏదో గొప్పగా చేస్తున్నారని కాదు. బ్రిటన్లో చైల్డ్ బెనిఫిట్‌ని భార్యాభర్తల్లో ఎక్కువ సంపాదించేవాళ్ళ జీతం చూసి వెనక్కి లాక్కుంటారు. 2024 నుంచి ఆ గీత 60 వేల పౌండ్లు. ఇద్దరూ చెరో 59 వేలు తెస్తే ఒక్క పెన్నీ పోదు, ఒక్కరే 70 వేలు తెస్తే సగం పోతుంది. అమెరికాలో 2020 మార్చిలో కోవిడ్ చెక్కులిచ్చినప్పుడు, భార్యకి సోషల్ సెక్యూరిటీ నెంబరు లేక ఐటిన్‌తో జాయింట్‌గా ఫైల్ చేసిన హెచ్1బీ వాళ్ళలో చాలామందికి తమ వాటా కూడా రాలేదు. డిసెంబరులో ఇంకో చట్టం తెచ్చి సరిచేశారు. మనిషిని లెక్కపెట్టాలా, కుటుంబాన్నా అనేది ఎక్కడైనా తెగని పంచాయితీయే.

ఐతే మనం చేయగలిగింది లేకపోలేదు. ఒకటి, ఫారంలో "విదేశాల్లో ఎవరైనా ఉన్నారా" అని అవును-కాదు అడగడం దండగ. ఎంత పంపుతున్నారు, ఎంత అప్పు తీరుస్తున్నారు అని అంకెలు అడగాలి. అమెరికానీ దుబాయ్‌నీ ఒకే గాటన కట్టేది ఆ అవును-కాదే. రెండు, ఊళ్ళో లేని మనిషికి వేలిముద్ర బదులు ఇంకో దారుండాలి, పాస్‌పోర్టు, వీసా చూపించడం లాంటిది. మూడోది మనకి, అంటే డాలర్లు పంపే వాళ్ళకి. పంపే దాంట్లో కొంతైనా నేరుగా భార్య ఖాతాలో వేయండి. చట్టం ఎలాగూ ఆవిణ్ణి మీ ఆదాయంతో కలిపి తూస్తోంది. కాగితం మీద కలిసినది చేతికి కూడా అందాలి కదా.

వదిన ఆ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టలేదు, ఓపెన్‌లోనే పరీక్ష రాసింది. అదే వారం అన్నయ్యకి ఫోన్ చేసి బ్యాంకు ఖాతా నెంబరు కూడా పంపింది. ఆవిడ వదులుకున్నది సంతోషంగా వదులుకుందని మాత్రం నేను అనను. రూలు సరైనదే, ఆవిడ అడిగిందీ సరైనదే.

మీ ఇళ్ళల్లో ఈ లెక్క ఎలా ఉంది?