పళ్ళెంలో మర్రి

మహావృక్షాన్ని పళ్ళెంలో ఇమిడ్చి పెంచే విద్య చైనాలో పుట్టి, జపాను చేరి, అక్కడి పేరుతోనే లోకమంతా వ్యాపించింది. ‘బోన్’ అంటే పళ్ళెం, ‘సాయ్’ అంటే నాటడం. మన మర్రి ఈ విద్యకు బాగా లొంగుతుంది. అమరసింహుడు మర్రికి చెప్పిన పేర్లలో ‘బహుపాత్తు’ ఒకటి; అనేక పాదాలు గలదని అర్థం. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దింపుకుంటూ సుమారు ఐదెకరాల మేర పరచుకొని 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కింది. ఆ జాతి చెట్టే జానెడు పళ్ళెంలోనూ బ్రతుకుతుంది. ఇది క్రూరమని వాదించే మిత్రులున్నారు. కుండీలో మల్లెను ఏటేటా కత్తిరించేవారు మర్రి దగ్గరకు వచ్చేసరికి కరుణామయులైపోవడం నాకు బోధపడదు. కత్తెర వలన చచ్చిన మర్రిని నేను చూడలేదు. చీకటి వలన చావబోయిన మర్రిని మాత్రం చూశాను.

మా పాఠశాలలో లెక్కలు చెప్పిన మాస్టారు దానిని ఇరవై ఏళ్ళు పెంచారు. కాకిరెట్టతో వచ్చిన గింజ వారి పెరటిగోడ పగులులో మొలిచిందట. గోడ చెడుతుందని ఎవరైనా పీకి పారవేసే మొక్క. వారు పళ్ళెంలో నాటి డాబా మీద పెట్టుకున్నారు. ఆశ్వయుజంలో వారు కాలం చేశారు. వారి ఇల్లాలికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. మనవడి చేత చెట్టును క్రిందికి దింపించి, హాల్లో మాస్టారి ఫొటో ప్రక్కన బల్ల మీద ఉంచారు. ఉదయం దీపం పెట్టగానే చెంబెడు నీళ్ళు పోసేవారు, ఒక్కరోజు తప్పకుండా. వైశాఖానికి చెట్టున ఆరో ఏడో ఆకులు మిగిలాయి.

“అన్నయ్యగారూ, ఇది కూడా వెళ్ళిపోయేలా ఉందండీ” అని ఫోను చేశారు.

వెళ్ళి చూశాను. కొమ్మల చివరలు పుటుక్కున విరిగాయి. మొదట్లో గోటితో సన్నగా గీరితే పచ్చని పొర కనిపించి, పాలచుక్క ఊరింది. ప్రాణం ఉంది. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు కంపు. మన ఒండ్రుమట్టి వరికి బంగారమే గాని, రెండంగుళాల లోతు పళ్ళెంలో అది బంకలా బిగుసుకుపోతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాకు నీరొచ్చింది. మురుగు కాలువ పూడుకుపోయిన చేను ఏమవుతుందో మాత్రం ఇక్కడి రైతును అడగాలి.

నీరు సగం కారణమే. గదిలో వెలుతురు బాగానే ఉంది కదా అని ఆమె అడిగారు. ఇక్కడే మన కన్ను మనలను మోసగిస్తుంది. నీడకు రాగానే కనుపాప విప్పారి, ఉన్న కాస్త వెలుగునే చాలినంతగా చూపుతుంది. ఆకుకు ఆ వెసులుబాటు లేదు. ఆరుబయట దొరికే వెలుగులో గది నడుమకు చేరేది చాలా స్వల్పం. వెలుగు చాలకపోతే ఆకు ఆహారం తయారుచేసుకోలేక రాలుతుంది. ఆకులు తగ్గిన చెట్టు నీరు తాగదు. తాగని నీరు మట్టిలో నిలిచి వేళ్ళకు గాలి అందనివ్వదు, వేళ్ళు కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళ చెట్టు వాడి చూపులకు దాహంతో ఉన్నట్టుంటుంది. మనం ఇంకో చెంబు పోస్తాం.

రెండు నెలలు మా ఇంటికి పంపమన్నాను. ఆమె ఫొటో వైపు చూసి, “ఆయన దగ్గరే ఉండాలని పెట్టానండీ” అన్నారు. “వారు దీన్ని ఇరవై ఏళ్ళూ ఎండలోనే ఉంచారు కదమ్మా” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి మాస్టారి చిన్న కత్తెర, రాగితీగ చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు.

రోహిణి కార్తెలో వేళ్ళు కదిలించడం ప్రమాదం. అందుచేత మా తూర్పు వసారాలో, ఎండ సూటిగా పడని చోట ఉంచి, మట్టి ఆరనిచ్చాను. మృగశిర ప్రవేశించి నాలుగు జల్లులు పడ్డాక పళ్ళెం నుంచి తీశాను. నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడివచ్చే వేళ్ళన్నీ గట్టి భాగం తగిలేవరకు కత్తిరించాను. మూడోవంతు కూడా మిగలలేదు. గోదావరి ఇసుకను జల్లించి మెత్తని ధూళి పోగొట్టి, శనగగింజంత ఇటుక ముక్కలు, కొంచెం కొబ్బరిపొట్టు కలిపి నాటి, కదలకుండా ఆ రాగితీగతోనే పళ్ళేనికి బిగించాను. గాలిలో తేమ నిలవడానికి, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచి పైన వదులుగా కప్పాను. ఎరువు సంగతి కడియపులంక నర్సరీలో పనిచేసే ఒక పెద్దాయనను అడిగితే, “జొరమొచ్చినోడికి గారెలు పెడతామా మాస్టారూ!” అన్నాడు. ఇంతకంటె మంచి వైద్యసూత్రం నేను చదివిన గ్రంథాలలో లేదు.

ఆరుద్ర గడిచింది, ఏమీ లేదు. ఆమె రోజూ ఫోను చేసి చెట్టు మాట తప్ప అన్నీ అడిగేవారు. పునర్వసు కార్తెలో మొదటి దగ్గర ఎర్రని మొగ్గ కనిపించింది, వారానికి మరి మూడు. అప్పుడు సంచి తీసి, ఉదయపుటెండ అలవాటు చేశాను.

పెద్ద కొమ్మ మాత్రం దక్కలేదు. మాస్టారు తీగచుట్టి ఏళ్ళ తరబడి వంచిన కొమ్మ అదే; దానితోనే ఆ చెట్టుకు రూపం. భాద్రపదంలో తిరిగి తీసుకువెళ్ళినప్పుడు ఆమె కాసేపు చూసి, “ఆయన చెట్టులా లేదండీ” అన్నారు. లేదు మరి. నేను కాదనలేదు.

ఇప్పుడది వారి వీధి అరుగు మీద ఉంది. కుర్చీలోంచి కనిపిస్తుంది, మెట్లెక్కే పని లేదు. వేలు మట్టిలో గుచ్చి, పొడి తగిలితేనే నీళ్ళు పోస్తున్నారు. ఎండిన కొమ్మను పారవేయనివ్వలేదు. వచ్చే మృగశిరకు వేళ్ళు మళ్ళీ చూడాలి. వంచడం, కత్తిరించడం ఆ తరువాతి మాట.