వెలుగును మోసిన వైరసు

వైరసు అను మాట చెవిని పడినంతనే మనకు మశూచి, కరోనా వంటి వ్యాధులే తలపునకు వచ్చును. ఆ వైరసు చేతనే మందును మోయించి, చూపు కోల్పోవుచున్న పిల్లలకు వెలుగు చూపిన శాస్త్రజ్ఞురాలొకరు అమెరికాలో కలరు. ఆమె పేరు జీన్ బెన్నెట్.

ఆమె కృషిని గూర్చి నేను శ్రద్ధగా చదువుటకు ఒక కారణము కలదు. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో విద్యార్థి యొకడు ప్రొద్దు వాలినంతనే గోడను తడవుకొనుచు నడచెడివాడు. రేచీకటి యని తలచి, మునగాకు, పొన్నగంటికూర తినిపింపుమని అందరును చెప్పిరి. అతని తల్లి యేడాది పొడుగున తినిపించెను. ఆహారములో విటమిన్ ఏ లోపించుటచే వచ్చు రేచీకటి అట్లు మానును. అతనిది మానలేదు. అది పుట్టుకతో వచ్చినదనియు, మందు లేదనియు కంటివైద్యులు చెప్పిరి. పదవ తరగతి ముగియక మునుపే నల్లబల్లపై వ్రాత అతనికి కనబడకపోయెను.

కంటి వెనుకనున్న తెరను రెటీనా యందురు. వెలుగు సోకినపుడు అందులోని విటమిన్ ఏ రూపము మారును. దానిని మరల పూర్వరూపమునకు తెచ్చిననే కన్ను చక్కగా చూడగలదు. ఆ పని జరుగుటకు ఆర్‌పీఈ 65 అను జన్యువు కావలెను. తల్లినుండి, తండ్రినుండి వచ్చిన రెండు ప్రతులును చెడినవైనచో ఎంత ఆకుకూర తినినను ఫలముండదు. నా విద్యార్థి వ్యాధి దీనివలననే కలిగెనని నేననను. అట్టి జన్యువులు పెక్కులు కలవు. ఆనాడు మా ప్రాంతమున పరీక్షించువారును లేరు.

1980 దశకము నడుమ ఆల్బర్ట్ మగ్వైర్ అను యువవైద్యుడు బెన్నెట్‌ను ఒక ప్రశ్న యడిగెను. ఆయన హార్వర్డ్ వైద్యకళాశాలలో ఆమె సహాధ్యాయి, తరువాత భర్త. రెటీనాలో మంచి జన్యువును ప్రవేశపెట్టవచ్చునా యనునది ఆ ప్రశ్న. పెట్టవచ్చునని ఆమె తడవుకొనక చెప్పెను. అప్పటికి ఈ వ్యాధులకు కారణమైన జన్యువులు తెలియవు, వానిని కంటిలోనికి మోయుటకు తగిన వాహనము లేదు. ఆ ఒక్క మాటను నిలుపుకొనుటకు ముప్పది యేండ్లకు పైగా పట్టెను.

వాహనముగా చివరకు కుదిరినది అడినో అనుబంధ వైరసు. దానిని 1965లో కనుగొనిరి. మిల్లీమీటరు పొడవున అట్టివి సుమారు 40,000 వరుసగా నిలుచును! శాస్త్రజ్ఞులు దాని స్వంత జన్యువులను తొలగించి, ఆ చోట మంచి జన్యువును నింపిరి. ఇట్టిదానికి వాహకమని పేరు. ‘వహ్’ ధాతువునకు మోయుట యని యర్థము గనుక పేరు చక్కగా నమరినది.

బ్రియార్డ్ జాతి కుక్కలలో కొన్నింటికి ఈ జన్యువే చెడియుండును. బెన్నెట్ పనిచేసిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారును, కార్నెల్ మొదలగు విశ్వవిద్యాలయములవారును కలిసి మూడు కుక్కపిల్లలకు ఒక్కొక్క కంటి రెటీనా క్రింద వాహకము నెక్కించిరి. పిదప వానిని అడ్డములున్న గదిలో విడిచిరి. చికిత్స పొందిన కంటి వైపున అవి తప్పుకొని నడచినవి. రెండవ వైపున ఢీకొన్నవి. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్య మేమి కావలెను? ఈ ఫలితములు 2001లో వెలువడెను.

అయినను మనుష్యుల కన్ను ముట్టుటకు ధైర్యము చాలని కాలమది. 1999 సెప్టెంబరులో అదే విశ్వవిద్యాలయమున వేరొక వ్యాధికై, వేరొక వైరసుతో జరిగిన ప్రయోగములో 18 ఏండ్ల యువకుడు మరణించియుండెను. జన్యుచికిత్స యనినంతనే జనులు వెనుకంజ వేయుచుండిరి. ఆ భయము అకారణమైనది కాదు. 2005లో ఫిలడెల్ఫియా బాలల ఆసుపత్రిలోని డాక్టర్ కాథరిన్ హై ముందుకు వచ్చి, అచట చికిత్స జరుపుదమని బెన్నెట్‌ను పిలిచెను. 2007లో పని మొదలయ్యెను. సూది పట్టినది మగ్వైర్. ముందుగా పెద్దవారికి, అదియును చూపు మరింత తక్కువగానున్న కంటికే చేసిరి. తరువాత చికిత్స పొందిన ఎనిమిదేండ్ల బాలుడొకడు, నాలుగవ దినమున జంతుప్రదర్శనశాల యెదుట ఎండను చూచి, వెలుగు నొప్పించుచున్నదని కేక వేసెను.

పెద్ద పరీక్షలో నేలపై బాణపుగుర్తులు గీసి, అడ్డములు పెట్టి, వెలుగును మెట్టుమెట్టుగా తగ్గించుచు రోగులను నడిపించిరి. ఏడాది గడచునప్పటికి చికిత్స పొందిన 20 మందిలో 13 మంది అన్నిటికంటె మసకవెలుగులో దారి దాటిరి. చికిత్స పొందనివారిలో ఒక్కరును దాటలేదు. 2017 డిసెంబరు 19న అమెరికా ప్రభుత్వ మీ మందునకు అనుమతి నిచ్చెను.

ఒక్కొక్క కంటికి కంపెనీ నిర్ణయించిన ధర 4,25,000 డాలర్లు. గోడను తడవుకొనుచు నడచిన నా విద్యార్థివంటివాని తల్లి యీ యంకె విని ఏమనుకొనును? బెన్నెట్, మగ్వైర్ దంపతులు మాత్రము తమ పేటెంటు వలన రాదగిన లాభమును 2002లోనే వదలుకొనిరి. పరిశోధన ముగిసిన పిదప చూపు వచ్చిన రెండు కుక్కలను ఇంటికి తెచ్చి పెంచుకొనిరి. వాని పేర్లు వీనస్, మెర్క్యురీ. మన మాటలలో శుక్రుడు, బుధుడు.