జగ్గయ్యపేట, నందిగామల నుంచి నాన్నగారికి

జగ్గయ్యపేట

నాన్నగారూ,

పొద్దున్నే ధనబోడు గుట్ట ఎక్కాను. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన బౌద్ధస్తూపానికి ఇప్పుడు అడుగుభాగమే మిగిలింది. కొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. నన్ను పట్టి నిలిపింది మాత్రం ఇక్కడ దొరికిన ఒక శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యం తూర్పు ద్వారాన అయిదు ఆయక స్తంభాలు నిలిపాడు. అతని తండ్రిది కమ్మకరాష్ట్రంలోని నడతూరు, తాను కాపురముంటున్నది మహాకడురూరు, దానమిచ్చింది వేలగిరిలో. మూడు ఊళ్లూ చెక్కించాడు. తల్లి, భార్య, పిల్లలు, తమ్ముడు, మరదలు, వాళ్ల పిల్లలు, ఒక్క పేరూ వదల్లేదు. రాజు పేరు కాలం చెప్పడానికే వస్తుంది. మిగిలిందంతా ఇల్లూ ఊరూ. సొంత ఊళ్లో ఉన్నవాణ్ణి నీది ఏ ఊరని ఎవరడుగుతారు? ఊరు దాటినవాడికే తండ్రి ఊరు చెప్పుకోవాలనిపిస్తుంది.

ఒకప్పటి బేతవోలైన ఈ ఊరికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టుకున్నాడు. పెనుగంచిప్రోలు అమ్మవారు తిరుపతమ్మ రెండేళ్లకోసారి ఈ పేటకే వచ్చి కొత్త రంగులు వేయించుకుంటుంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దారిలోని ఊళ్లవాళ్లు ఎదురెళ్లి మొక్కుకుంటారట.

నందిగామ

నాన్నగారూ,

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ కూతుర్ని కోదాడలో ఇచ్చింది. గరికపాడు దగ్గర పాలేరు దాటితే, 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. ఆ మాటే అన్నాను. "పొద్దున పోయి మాపటికి వస్తా నాయనా, అది నాకు పరాయి ఊరెట్టా అవుద్ది? బందరంటే చెప్పు, దూరం!" అంది. ఈ మెట్ట రైతుల చూపూ పడమటికే. సాగర్ ఎడమకాలువ తెలంగాణ దాటుకుని ఇక్కడి చివరి భూములకు రావాలి. పైన వానలు పడ్డాయా, కాలువ వదిలారా అన్నదే వాళ్ల కబురు. కిందున్న డెల్టా వాళ్ల దిగులు వేరు.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేసి ఇళ్లకు బయల్దేరిన పిల్లల్ని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. సొంతూరు దగ్గర్లోనే ఉన్నా అడుగు ముందుకు పడలేదు. ఆ సంగతి చెబుతుంటే ఆవిడ గొంతు పూడుకుపోయింది.

తూర్పున, బెజవాడ దారిలో పరిటాల ఉంది. అప్పట్లో చుట్టూ ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లా, నడుమ వజ్రాల గనుల కోసం నిజాం ఉంచుకున్న ఏడు ఊళ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా తాము నిజాం కిందే ఉండాలంటే ఆ ఊళ్లు ఒప్పుకోలేదు, రిపబ్లిక్‌గా ప్రకటించుకున్నాయి. అంత చిన్న చోట అంత తెగువ! గట్టు పక్కవాడితో పొత్తు కలిసినవాళ్లకు కంటికి కనపడని నవాబు మీద మమకారం ఎక్కణ్ణుంచి వస్తుంది?

2022 ఏప్రిల్ 4న ఈ దారిలోని ఊళ్లన్నీ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. అయినా బస్సులోని పెద్దావిడ తనది కృష్ణా జిల్లా అనే చెప్పింది.

రేపు పరిటాలలో దిగి, రిపబ్లిక్ నాటి సంగతులు తాతల నోట విన్నవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కుని బెజవాడ చేరతాను. అమ్మకు చెప్పండి.