పరామర్శకు వేళ

పోయినవారికొఱకు దుఃఖించుటకు మన పెద్దలు దినములను గూడ నిర్ణయించియున్నారు. పది దినములు బంధువులు వచ్చుచు పోవుచుందురు. పొయ్యి వెలిగింపని యింటికి ఇరుగుపొరుగులు అన్నము పంపుదురు. పదుమూడవనాడు శుభస్వీకారము, పిమ్మట దగ్గఱివారు ఒక రాత్రి నిద్రకు తమ యింటికి తీసికొనిపోవుదురు. ఈ యాచారములను వెక్కిరించుట నేడు కొందఱకు వాడుక. మేమట్లు వెక్కిరింపజాలము. తనంతట లేవలేని మనిషిని లేపుటకు వీనికన్న మేలైన యుపాయము మాకు దోచలేదు. అయినను మరణమునకు ముందటి కాలమును, పదుమూడవనాటి విస్తళ్లు తీసిన తరువాతి కాలమును ఈ కట్టుబాట్లకు అందక మిగిలిపోవుచున్నవి.

మా యత్తగారు రాచపుండుతో నైదు నెలలు మంచమున నుండిరి. ఇక నయము కాదని వైద్యులు చెప్పిననాడే మాకు దుఃఖము మొదలయ్యెను. గంజి కాచుచుండగా కన్నులు నిండెడివి. చూడవచ్చిన పెద్దవారు "బ్రదికియుండగా నేడ్చుట యింటికి మంచిది కాదు" అని మందలించెడివారు. పోనిండు, వారికిని భయమే. మావారిని మాత్ర మందఱు నోదార్చిరి. కోడలికేమి, అత్తగారే కదా యని వారి తలంపు కాబోలు! పదునాఱేండ్లు ఒక్క వంటయింట మెలగిన యిద్దఱి నడుమ నేమి పెరుగునో వావివరుసలకు తెలియదు.

ఈ ముందటి దుఃఖమునకు 1944లో ఎరిక్ లిండెమన్ అను వైద్యుడు అమెరికాలో నొక పేరు పెట్టెను గాని, భారతము చదివినవారికిది యెఱిగిన సంగతియే. కర్ణుని కలిసికొని వచ్చిన కుంతిని తలపుడు. అర్జునుడో తానో యొక్కడే మిగులునని కర్ణుడే యామెతో చెప్పెను. ఆ మాట నామె యెవ్వరితో చెప్పుకొనగలదు? యుద్ధము ముగిసి తర్పణములు విడుచు వేళ గాని యామె నోరు విప్పలేదు. గాంధారికి రణభూమిలో నేడ్చుటకు కృష్ణుడైన నెదుట నుండెను. ధృతరాష్ట్రుని భాగ్యము మఱియు వేఱు. యుద్ధమునకు మున్ను నిద్రపట్టని రాత్రియు, నూఱుగురు కొడుకులు పోయిన పిమ్మటను, ఆ విదురుడే యాతని చెంత కూర్చుండెను.

మాకు విదురునివలె వచ్చినది ఒక నర్సు. 1967లో సిసిలీ సాండర్సు లండను నగరమున సెయింటు క్రిస్టఫర్సు హాస్పిసును నెలకొల్పినప్పుడు రోగితోపాటు ఇంటివారి బాధను గూడ చికిత్సలో చేర్చెను. మన దేశమున 1993లో కోళిక్కోడులో మొదలైన సంఘము ఆ పనిని రోగుల యిండ్లకు కొనిపోయెను. దీనినే పాలియేటివ్ చికిత్స యందురు. మందులు మాని చావునకు విడిచిపెట్టుట యని కొందఱనుకొందురు. అది కాదు, నొప్పి తగ్గించుట దాని మొదటి పని. ఆ నర్సు వారమున కొకమాఱు వచ్చి, పుండు కడిగి కట్టి, నొప్పిమందు సరిచూచి, పోవుచు మాతో "మీరు రాత్రి నిద్రపోయినారా అమ్మా?" యని యడిగెడిది. ఐదు నెలలలో ఆ మాట యడిగినది యామె యొక్కతెయే. ఒకనాడు మేము వాకిటనే యేడ్చితిమి. ఆమె తొడిగిన చెప్పులు మరల విడిచి, లోపలికి వచ్చి కూర్చుండెను.

ఆ ధైర్యముతోనే "మీ పెట్టెలోని చీరలు ఎవరికి ఇమ్మందురు?" అని మా యత్తగారిని అడుగగలిగితిమి. ఆమె నవ్వి, వంగపండు రంగు చీర నీకేయని చెప్పి, మాగాయలో నుప్పు తక్కువ వేయుదువని కోపపడిరి. అట్టి సంభాషణ తరువాత చేయుటకు వీలుండదు గదా!

పోయిన రెండవ నెలలో ఇల్లు బొత్తిగా నిశ్శబ్దమయ్యెను. వచ్చినవారు సయితము ఆమె పేరెత్తుటకు జంకెడివారు. ఎదురింటి పిన్నిగారు మాత్రము ఒక మధ్యాహ్నము వచ్చి "మీ యత్తగారు చివర నేమి తినిరమ్మా?" అని యడిగిరి. సాయంకాలము దీపము పెట్టువఱకు చెప్పుచునే యుంటిమి. అట్టి పిన్నిగారు ఎదురింట లేనివారికి ప్రభుత్వమువారి టెలీమానస్ కలదు. 2022 అక్టోబరున మొదలైన యీ సేవలో 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

పిన్నిగారు ఆనాటినుండి మాసికములకు కూరలు తరుగుటకు వచ్చుచునే యున్నారు. మొన్న మామిడికాయలు తెచ్చితిమి. జాడీలో నుప్పు ఎంత వేయవలెనో మాకును ఆమెకును ఇంకను తెమలలేదు.