అమ్మీ ఫోన్‌లో అమ్మీ నెట్

ఉమ్రాకు బయల్దేరేవాళ్లకు సామాన్ల ఫెహ్రిస్త్ చెప్పడానికి మన ఖాందాన్‌లో మనుషులకు కొదవుండదు. ఎహ్రామ్ రెండు జతలు, వాసన లేని సబ్బు, చెప్పులు పెట్టుకోవడానికి గుడ్డసంచి, మామిడికాయ అచార్, మోకాళ్లకు మందు. ఇంత వివరంగా చెప్పినవాళ్లే ఫోన్ సంగతి వచ్చేసరికి ఒక్క ముక్కతో తేల్చేస్తారు: "అక్కడ భాయ్ ఒక సిమ్ తీసుకుంటాడు, మీరంతా హాట్‌స్పాట్ పెట్టుకోండి, బస్."

ఆ 'బస్' గురించే ఈ నాలుగు మాటలు.

పోయినేడాది అమ్మీని తీసుకుని భాయిజాన్, నేను ఉమ్రాకు వెళ్లాం. అమ్మీకి అరవై ఎనిమిదేళ్లు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా ఖాలాకు అప్పటికి నాలుగు నెలల కిందట లఖ్వా కొట్టింది. మంచంలోనే ఉంది. చెల్లెల్ని అలా వదిలి వెళ్లడానికి అమ్మీ దిల్ ఒప్పలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది: రోజుకు ఒక్కసారైనా చెల్లెలి ముఖం చూడాలి.

భాయిజాన్ తన హిసాబ్ చెప్పాడు. ఒక సిమ్, మూడు ఫోన్లు, డబ్బు మిగులుతుంది. అమ్మీ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"నక్కో బేటా. మేరే ఫోన్ మే మేరా నెట్ హోనా."

"అమ్మీ, నేను మీ బాజూలోనే ఉంటా కదా?"

"మస్జిద్ మే భీ మేరే బాజూ మే బైఠ్తే క్యా?"

భాయిజాన్ దగ్గర జవాబు లేదు. మస్జిద్-ఎ-నబవీలో మగవాళ్ల హిస్సా వేరు, ఆడవాళ్ల హిస్సా వేరు. లోపలికి పోయే గేట్లే వేరు. హాట్‌స్పాట్ మహా అయితే కొన్ని పదుల అడుగులు అందుతుంది, మధ్యలో గోడలుంటే అదీ లేదు. అంటే ఏ వేళలో కుటుంబం రెండుగా విడిపోతుందో, సరిగ్గా ఆ వేళలోనే ఆడవాళ్ల ఫోన్లలో నెట్ పోతుంది. నేను నవ్వుతూ భాయిజాన్‌తో అన్నాను: "మీ హాట్‌స్పాట్ కూడా మెహ్రం లాంటిదే. దాని వెంటే నడవాలి, దాటి పోకూడదు."

నవ్వులాటకు అన్నాను గానీ, ఆలోచిస్తే మన ఇళ్లలో ఇది కొత్తేం కాదు. అమ్మీల సిమ్ కొడుకు పేరు మీద ఉంటుంది. రీఛార్జి కొడుకు చేస్తాడు. బ్యాంకు ఓటీపీ కొడుకు నంబరుకు వస్తుంది. ఇంట్లో ఉన్నంతకాలం ఇదంతా ఖిద్మత్‌లాగే కనిపిస్తుంది. పరాయి ముల్క్‌లో, లక్షలమంది మధ్యలో చేయి విడిపోయినప్పుడే దాని అసలు రూపం తెలుస్తుంది.

జెద్దాలో దిగాక ఎయిర్‌పోర్టులోనే సిమ్ కౌంటర్లున్నాయి. ఎస్టీసీ, మొబైలీ, జైన్, ఈ మూడూ అక్కడి పెద్ద కంపెనీలు. పాస్‌పోర్టు ఇవ్వాలి, వేలిముద్ర వేయాలి. 2016లో ఆ ముల్క్‌లో సిమ్‌కు వేలిముద్ర తప్పనిసరి చేశారు. అందుకే "నేను అందరికీ తెస్తా, మీరు కూర్చోండి" అంటే కుదరదు, ఎవరి సిమ్‌కు వాళ్లే లైన్లో నిలబడాలి. జిందగీ అంతా గిన్నెలు తోమిన అమ్మీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ మొదటి రెండుసార్లు ఒప్పుకోలేదు. కౌంటర్‌లోని కుర్రవాడు విసుక్కోకుండా టిష్యూతో వేలు తుడిచి, ఇంకో వేలు పెట్టించాడు. అది పట్టింది.

ఆ బోర్డుల ముందు నిలబడితే నా ఉర్దూ మీడియం చదువు మళ్లీ గుర్తొచ్చింది. సిమ్‌ను అరబ్బీలో 'షరీహా' అంటారు. డేటాను 'బయానాత్' అంటారు. ఉర్దూలో బయానాత్ అంటే నాయకులు ఇచ్చే ప్రకటనలు. ఇరవై ఏళ్లుగా పత్రికలో బయానాత్ రాసుకుంటున్న నేను, అక్కడ డబ్బిచ్చి బయానాత్ కొనుక్కున్నాను. బ్యాలెన్స్‌ను 'రసీద్' అంటారు. "రసీద్ ఖతమ్ అయ్యింది" అని అక్కడివాళ్లు ఎవరైనా అంటే మనం బిల్లు కాగితం పోయిందేమో అనుకుంటాం. చెవికి ఒకేలా ఉన్నా రెండూ వేర్వేరు మాటలు. అక్షరాలూ వేరే, మనది 'సీన్'తో రాస్తాం, వాళ్లది 'సాద్'తో.

నా ఫోన్‌లో ఈ-సిమ్ పడుతుంది కాబట్టి అది ఇంట్లో ఉండగానే కొనుక్కున్నాను. ఈ-సిమ్ కావాలనుకునేవాళ్లు ఇంట్లోనే ఎక్కించుకోవడం మంచిది, ఎందుకంటే దాన్ని ఎక్కించడానికే నెట్ కావాలి. ఇంకో సంగతి, ఆన్‌లైన్‌లో దొరికే ఈ-సిమ్‌లు చాలావరకు డేటా మాత్రమే ఇస్తాయి, అక్కడి నంబరు ఇవ్వవు. హోటల్‌వాళ్లకో, టాక్సీవాడికో మామూలు ఫోన్ చేయాలంటే నంబరున్న సిమ్ ఒకటి ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉండాలి. అమ్మీ పాత ఫోన్‌కు ఈ-సిమ్ పడదు. అందుకే ఆమెకు ఆ వేలిముద్ర తిప్పలు.

మన ఇండియా సిమ్‌ను పారేయకండి, పర్సులో దాచేయకండి. బయల్దేరే ముందే కంపెనీకి చెప్పి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, రెండో స్లాట్‌లో ఉంచండి. బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. వచ్చే ఎస్సెమ్మెస్‌కు మామూలుగా ఛార్జీ ఉండదు. కానీ ఆ సిమ్ మీద 'డేటా రోమింగ్' మీట మాత్రం ఆపేసి ఉంచాలి. లేకపోతే ఫోన్ మన ఎరుక లేకుండా దాంట్లోంచే నెట్ లాగుతుంది, తిరిగొచ్చాక ఆ ఖర్చు తెలుస్తుంది.

ఖాలా ముఖం చూడడం అనుకున్నంత ఆసాన్ కాలేదు. ఇంటర్నెట్ కాల్స్ మీద ఉన్న రోక్ తీసేస్తున్నామని సౌదీ హుకూమత్ 2017 సెప్టెంబరులోనే చెప్పింది. అయినా మేం వెళ్లినప్పుడు వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్లేవి, కాల్ మాత్రం కలిసేది కాదు. దుబాయ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు ఈ బాధ తెలిసిందే, అక్కడ బోటిమ్ అంటూ వేరే యాప్‌లు పెట్టుకుంటారు. మాకు గూగుల్ మీట్ పనిచేసింది. బయల్దేరే ముందే ఖాలా కూతురి ఫోన్‌లో కూడా దాన్ని పెట్టించి, ఒకసారి కలిపి చూశాం కాబట్టి సరిపోయింది. వేళ కూడా చూసుకోవాలి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఇషా చదివి తీరిగ్గా ఫోన్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి అవుతుంది. అందుకని అమ్మీ రోజూ అసర్ తర్వాత కూర్చునేది. ఖాలాకు మాట సరిగ్గా రాదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవారు, అంతే.

మదీనాలో మూడో రోజు ఇషా నమాజ్ ముగిశాక గుంపులో అమ్మీ చేయి నా చేతిలోంచి జారిపోయింది. ఆ సెహన్‌లో రెండు వందల యాభై పెద్ద గొడుగులున్నాయి. ఏ గొడుగు చూసినా ఒకేలా ఉంటుంది. "గొడుగు కింద ఉన్నా" అని చెబితే ఎవరూ దొరకరు. నేను నాలుగు వైపులా చూస్తుంటే ఫోన్ మోగింది. అమ్మీ నుంచి ఒక ఫొటో, గేటు మీది నంబరు. దాని కింద వాయిస్ మెసేజ్: "మై యహాఁచ్ బైఠీ హూఁ. తూ దౌడ్ నక్కో, ఆరామ్ సే ఆ." ఐదు నిమిషాల్లో దగ్గరికి వెళ్లాను. తస్బీహ్ చదువుకుంటూ, పక్కన కూర్చున్న బంగ్లాదేశీ ఆవిడకు ఖజూర్ ఇస్తూ కనిపించింది. అదే సమయానికి భాయిజాన్ మగవాళ్ల వైపు ఎక్కడో ఉన్నాడు, ఆయన హాట్‌స్పాట్ ఆయనతోనే ఉంది.

రౌజాకు వెళ్లడానికీ ఇప్పుడు ఫోన్ కావాలి. 2022లో వచ్చిన నుసుక్ యాప్‌లో ముందుగా వేళ తీసుకోవాలి, మగవాళ్లకు ఒక వేళ, ఆడవాళ్లకు ఒక వేళ. మాకు దొరికింది రాత్రి వేళ. గేటు దగ్గర ఒక్కొక్కరి పర్మిట్ చూస్తున్నారు. అమ్మీ తన ఫోన్ తానే తెరిచి, తన పర్మిట్ తానే చూపించి లోపలికి నడిచింది. నేను వెనకున్నాను. అంత చిన్న పనికి ఆమె నడకలో వచ్చిన ఇత్మినాన్ నాకు బాగా గుర్తుంది. బయటికొచ్చాక ఖాలాకు ఒక్క మాట పంపింది: "తేరా సలాం పహుంచాదీ."

"ఇబాదత్‌కు పోయి ఈ ఫోన్ గోలేంటి?" అనేవాళ్లున్నారు. వాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేను. తవాఫ్ చేస్తూ వీడియో కాల్‌లో "ఇదిగో చూడండి" అని అరిచేవాళ్లను కళ్లారా చూశాను. వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటున్నా వాళ్లకు ధ్యాస లేదు. అమ్మీ తనకు తానే ఒక ఉసూల్ పెట్టుకుంది. లోపలికి అడుగుపెట్టేటప్పుడు ఫోన్ సైలెంట్ చేసి సంచి అడుగున వేసేది. చెప్పులు తొడుక్కున్నాకే మళ్లీ తీసేది. చెల్లెలి ఫికర్ తీరింది కాబట్టే నమాజ్‌లో దిల్ నిలబడిందని ఆమే చెప్పింది. ఖైరియత్ తెలియని మనిషి సజ్దాలో ఉన్నా మనసు ఇంటి గుమ్మం దగ్గరే ఉంటుంది.

సిమ్ కొనిస్తే సరిపోదు. మేం బయల్దేరడానికి రెండు వారాల ముందు నుంచే అమ్మీ ఫోన్‌ను ఉర్దూలోకి మార్చి, మూడు పనులు రోజూ చేయించాం: ఫొటో తీసి పంపడం, వాయిస్ మెసేజ్ పంపడం, తానున్న చోటు లొకేషన్ పంపడం. మొదట్లో ఫొటోకు బదులు తన బొటనవేలి ఫొటోలే వచ్చేవి. మనవళ్లు నవ్వేవారు, ఆమె మళ్లీ తీసేది. హోటల్ పేరు అరబ్బీలో ఉన్న కార్డును కూడా ఫొటో తీసి పెట్టుకుంది, నెట్ లేకపోయినా టాక్సీవాడికి చూపించడానికి. రెండో సిమ్‌కు అయిన ఖర్చు, మేం తిరుగు ప్రయాణంలో కొన్న ఖజూర్ డబ్బాల కంటే తక్కువే.

ఇంటికొచ్చి జమ్‌జమ్, ఖజూర్ పంచడం అయ్యాక, మర్నాడు పొద్దున్నే అమ్మీ భాయిజాన్‌ను పక్కన కూర్చోబెట్టుకుంది. చేతిలో ఫోన్, కళ్లకు అద్దాలు.

"యహాఁ కా రీఛార్జ్ కైసా కర్నా, వో భీ సిఖా."